మీ పని ఏ శాఖది, ఏ సంస్థది? రాష్ట్ర ప్రభుత్వ నిర్మాణాన్ని ఒక్క కాగితం మీద గీసుకోవడం ఎలా

రెండు ఊళ్లను కలిపే మా తారు రోడ్డు ఒక వానాకాలంలో కోసుకుపోయినప్పుడు, ఊరివాళ్లమంతా సంతకాలు పెట్టి, రోడ్ల పని చూసేది వారేనని అందరూ చెప్పిన ఒక ఇంజినీరింగ్ కార్యాలయంలో అర్జీ ఇచ్చాము. వారు ఇన్‌వార్డు ముద్ర వేసి నకలు చేతికిచ్చారు. రెండు నెలల తర్వాత వెళ్లి అడిగితే, ఆ రోడ్డు తమ రిజిస్టరులోనే లేదని, అది వేరే శాఖ పరిధిలోదని చెప్పి పంపారు. ఆ మాట మొదటి రోజే చెప్పవలసింది వారే. అయినా ఏ రోడ్డు ఎవరిదో ముందుగా తేల్చుకునే పద్ధతి మాకు తెలిసి ఉంటే ఆ రెండు నెలలూ మిగిలేవి. అప్పటి నుంచి ప్రభుత్వంతో ఏ పని పడినా, అర్జీ రాయకముందే ఒక తెల్ల కాగితం తీసుకుని, ఆ పనికి సంబంధించిన శాఖనూ, కార్యాలయాలనూ, సంస్థలనూ గీసుకోవడం అలవాటు చేసుకున్నాను. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల్లో ఎవరైనా అనుసరించదగిన ఆ పద్ధతిని ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ముందుగా కాగితాన్ని మూడు నిలువు గడులుగా విభజించండి. మొదటి గడికి నిర్ణయం, రెండో దానికి అమలు, మూడో దానికి డబ్బు అని పేర్లు పెట్టండి. ప్రభుత్వంలో ఒక పనిని నిర్ణయించేవారు, దాన్ని చేసేవారు, దానికి సొమ్ము విడుదల చేసేవారు తరచుగా మూడు వేరు వేరు చోట్ల ఉంటారు. అర్జీలు దారి తప్పడానికి ముఖ్య కారణం ఈ ముగ్గురినీ కలిపి ‘గవర్నమెంటు’ అని ఒకే మాటతో అనుకోవడమే.

ఆ పని రాష్ట్రానిదేనా

రాజ్యాంగంలోని ఏడో షెడ్యూలు అధికారాలను మూడు జాబితాలుగా పంచింది. రైల్వేలు, తపాలా, పాస్‌పోర్టులు, బ్యాంకింగ్ కేంద్ర జాబితాలో ఉన్నాయి. పోలీసు, ప్రజారోగ్యం, భూమి, స్థానిక సంస్థలు రాష్ట్ర జాబితాలో ఉన్నాయి. విద్య, విద్యుత్తు, అడవులు ఉమ్మడి జాబితాలో ఉన్నాయి కనుక వాటి విషయంలో కేంద్ర చట్టం, రాష్ట్ర యంత్రాంగం రెండూ కనిపిస్తాయి. రోడ్డునే తీసుకుంటే, జాతీయ రహదారి కేంద్రానిది. రాష్ట్ర రహదారులు, జిల్లా ప్రధాన రహదారులు రోడ్లు భవనాల శాఖవి. ఊరి నుంచి ఊరికి వెళ్లే గ్రామీణ రోడ్లలో ఎక్కువ భాగం పంచాయతీరాజ్ ఇంజినీరింగ్ విభాగానివి. ఊరిలోపలి వీధులు గ్రామ పంచాయతీవి, పట్టణ వీధులు మున్సిపాలిటీవి. జాతీయ రహదారుల్లో కొన్ని భాగాల పనులను రాష్ట్ర రోడ్లు భవనాల శాఖలోని జాతీయ రహదారుల విభాగమే చూస్తుంది కాబట్టి, ఎవరి మనుషులు పని చేస్తున్నారో చూసి రోడ్డు ఎవరిదో నిర్ణయించకండి. రోడ్డు ఏ రిజిస్టరులో నమోదై ఉందో అడగండి.

శాఖను పట్టుకోవడం

ఏ విషయం ఏ శాఖకు చెందుతుందో నిర్ణయించే పత్రం ఒకటుంది. రాజ్యాంగం 166వ అధికరణ మూడో క్లాజు కింద గవర్నరు పేరిట వెలువడే ప్రభుత్వ కార్యనిర్వహణ నియమావళి అది. ఉద్యోగులు దాన్ని బిజినెస్ రూల్స్ అంటారు. దానిలోని షెడ్యూళ్లలో ఏ సచివాలయ శాఖకు ఏ విషయాలు అప్పగించారో, ఏ విషయాలు తప్పనిసరిగా మంత్రివర్గం ముందుకు రావాలో జాబితాలు ఉంటాయి. మీ విషయాన్ని ఆ జాబితాలో వెతికి, దొరికిన శాఖ పేరును అక్షరం తప్పకుండా మొదటి గడిలో రాసుకోండి.

ఇక్కడ జాగ్రత్తగా గమనించవలసిన విషయం ఒకటుంది. మంత్రి శాఖ, సచివాలయ శాఖ ఒకటి కావు. 2003 నాటి 91వ రాజ్యాంగ సవరణ ప్రకారం ముఖ్యమంత్రితో కలిపి మంత్రుల సంఖ్య శాసనసభ స్థానాల్లో పదిహేను శాతాన్ని మించకూడదు. ఆ లెక్కన 175 స్థానాలున్న ఆంధ్రప్రదేశ్‌లో 26 మంది, 119 స్థానాలున్న తెలంగాణలో 18 మంది వరకే ఉంటారు. అందువల్ల ఒకే మంత్రి చేతిలో రెండు మూడు శాఖలు ఉండవచ్చు. ఒక సచివాలయ శాఖలోని విషయాలు ఇద్దరు మంత్రుల మధ్య పంచబడి ఉండవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో దేవదాయ విషయాలకు సంబంధించిన ఉత్తర్వులు రెవెన్యూ శాఖ పేరు మీదే, దాని పక్కన బ్రాకెట్లలో ‘ఎండోమెంట్స్’ అన్న మాటతో వెలువడతాయి. దేవదాయ మంత్రి వేరు, రెవెన్యూ మంత్రి వేరు కావచ్చు. ఫైలు నడిచే శాఖ పేరు మాత్రం అదే. ప్రభుత్వం మారినప్పుడు మంత్రుల శాఖలు మారతాయి, సచివాలయ శాఖల పేర్లు అంత తరచుగా మారవు. కాగితం మీద మంత్రి పేరు పెన్సిలుతోనూ, శాఖ పేరు పెన్నుతోనూ రాసుకోమని నేను చెప్పేది అందుకే.

సచివాలయ శాఖ లోపలి వరుసను కూడా ఒకసారి చూడండి. ఫైలు పుట్టేది సెక్షన్‌లో. అసిస్టెంట్ సెక్షన్ ఆఫీసరు వచ్చిన కాగితాన్ని పరిశీలించి, నియమాలేమిటో, గతంలో ఇలాంటి విషయంలో ఏం చేశారో రాస్తూ నోట్ పెడతారు. అది సెక్షన్ ఆఫీసరు, సహాయ కార్యదర్శి, ఉప కార్యదర్శి లేదా సంయుక్త కార్యదర్శి మీదుగా ఆ శాఖ కార్యదర్శికి, ముఖ్య కార్యదర్శికి లేదా ప్రత్యేక ప్రధాన కార్యదర్శికి చేరుతుంది. అవసరమైతే మంత్రి పేషీకి, ముఖ్యమంత్రికి వెళుతుంది. కొత్త ఖర్చు ఉంటే ఆర్థిక శాఖ సమ్మతి, చట్టపరమైన చిక్కు ఉంటే న్యాయ శాఖ అభిప్రాయం తీసుకుంటారు. మీ ఫైలు ఎక్కడుందో అడిగేటప్పుడు శాఖ పేరుతో పాటు సెక్షన్ పేరు చెప్పగలిగితే జవాబు దొరికే అవకాశం బాగా పెరుగుతుంది.

సచివాలయం వేరు, హెచ్‌ఓడీ వేరు

సచివాలయ శాఖ విధానం నిర్ణయిస్తుంది, నియమాలు చేస్తుంది, ఉత్తర్వులిస్తుంది. దాన్ని రాష్ట్రమంతటా అమలు చేసే బాధ్యత హెచ్‌ఓడీ అని అందరూ పిలిచే శాఖాధిపతి కార్యాలయానిది. కమిషనరు, డైరెక్టరు, డైరెక్టర్ జనరల్, ఇంజినీర్ ఇన్ చీఫ్ అనే హోదాలు సాధారణంగా హెచ్‌ఓడీలవి. ఒక సచివాలయ శాఖ కింద ఒకే హెచ్‌ఓడీ ఉండాలన్న నియమం లేదు. రెవెన్యూ శాఖ కిందే భూపరిపాలన ప్రధాన కమిషనరు, సర్వే సెటిల్‌మెంట్ విభాగం, రిజిస్ట్రేషన్లు, స్టాంపుల విభాగం వంటివి వేరువేరుగా పనిచేస్తాయి. పొలం హద్దు తగాదా, పాసు పుస్తకంలో పేరు తప్పు, దస్తావేజు రిజిస్ట్రేషన్ ఈ మూడూ మనకు భూమి పనులుగానే కనిపిస్తాయి. మొదటిది సర్వేయరు దగ్గరికి, రెండోది తహసీల్దారు దగ్గరికి, మూడోది సబ్ రిజిస్ట్రారు దగ్గరికి వెళుతుంది. ముగ్గురి పైన ఉండే అధికారుల వరుసలూ వేరు.

కాబట్టి రెండో గడిలో హెచ్‌ఓడీ హోదా రాసి, దాని కింద ప్రాంతీయ, జిల్లా, డివిజన్, మండల స్థాయి అధికారుల హోదాలను నిచ్చెన మెట్లలా రాసుకుంటూ రండి. పాఠశాల విద్య అయితే డైరెక్టరు లేదా కమిషనరు, ఆ కింద జిల్లా విద్యాశాఖాధికారి, మండల విద్యాధికారి, ప్రధానోపాధ్యాయులు. భూపరిపాలన అయితే ప్రధాన కమిషనరు, జిల్లా కలెక్టరు, రెవెన్యూ డివిజనల్ అధికారి, తహసీల్దారు. అర్జీని ఎప్పుడూ ఆ నిచ్చెనలో మీ పని చేయగల కిందిమెట్టు వద్ద ఇవ్వండి. నేరుగా సచివాలయానికి పంపిన వినతిపత్రం చాలా సందర్భాల్లో హెచ్‌ఓడీకి, అక్కడి నుంచి జిల్లాకు, జిల్లా నుంచి మండలానికి ‘తగు చర్య నిమిత్తం’ అన్న ఎండార్స్‌మెంటుతో దిగివచ్చి, చివరికి మీరు మొదట వెళ్లవలసిన బల్ల మీదికే చేరుతుంది.

జిల్లాలోను, ఊరిలోను

జిల్లా కలెక్టరు ప్రభుత్వానికి జిల్లాలో ముఖ్య ప్రతినిధి, ఎన్నో కమిటీలకు అధ్యక్షులు. అందుకే జిల్లాలోని ప్రతి కార్యాలయమూ ఆయన కిందే ఉంటుందన్న అభిప్రాయం బలంగా ఉంది. నిజానికి భూమి విషయాల్లో కలెక్టరు స్వయంగా అమలు వరుసలో ఉన్న అధికారి; వైద్యం, విద్య, వ్యవసాయం వంటి విషయాల్లో సమన్వయం, సమీక్ష చేసే అధికారి. న్యాయస్థానాలు హైకోర్టు పర్యవేక్షణలో ఉంటాయి. విద్యుత్ పంపిణీ సంస్థ సూపరింటెండింగ్ ఇంజినీరు జవాబుదారీ తన కంపెనీకి. అయినా కలెక్టరేట్‌లో సోమవారం జరిగే ప్రజా వినతుల కార్యక్రమం, ఆంధ్రప్రదేశ్‌లో పీజీఆర్‌ఎస్ పేరుతో, తెలంగాణలో ప్రజావాణి పేరుతో జరిగేది, ఉపయోగపడుతుంది. అక్కడ జిల్లా అధికారులంతా ఒకే హాలులో కూర్చుంటారు కనుక, మీ అర్జీ ఎవరికి వెళ్లాలో తేలకపోతే అక్కడే తేల్చుకోవచ్చు.

మండలాలు 1985లో ఏర్పడ్డాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు 2న మొదలైన గ్రామ సచివాలయాలు ఈ నిర్మాణాన్ని ఇంకా కిందికి దించాయి. ఒకే కప్పు కింద కూర్చున్నా, అక్కడి ఉద్యోగులు ఒకే శాఖవారు కారు. గ్రామ సర్వేయరు మాతృశాఖ సర్వే విభాగం, ఏఎన్‌ఎంది వైద్య ఆరోగ్య శాఖ, వ్యవసాయ సహాయకులది వ్యవసాయ శాఖ, వీఆర్‌ఓది రెవెన్యూ శాఖ, ఎనర్జీ అసిస్టెంటు వెనుక ఉన్నది విద్యుత్ పంపిణీ సంస్థ. వీరి హాజరు, సమన్వయం చూసే శాఖ వేరు. వీరి వృత్తిపరమైన పనిని తనిఖీ చేసేది మాతృశాఖ. సర్వేయరు కొలత తప్పని మీకనిపిస్తే, పక్క బల్ల దగ్గరున్న పంచాయతీ కార్యదర్శి దాన్ని సరిచేయలేరు. సర్వే విభాగం వరుసలో పైమెట్టుకు వెళ్లాలి.

తెలంగాణలో 2016 అక్టోబరు 11న పది జిల్లాలు 31 అయ్యాయి, 2019లో 33 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. పాత ఉత్తర్వులు, పాత దస్తావేజులు పాత జిల్లా పేరుతోనే ఉంటాయి కనుక, రికార్డు వెతికేటప్పుడు మీ ఊరి పాత జిల్లా, పాత తాలూకా పేర్లు కూడా కాగితం మీద రాసి ఉంచుకోండి.

సంస్థ అయితే దాని పుట్టుక కాగితం అడగండి

ఇంతవరకు చెప్పింది నేరుగా ప్రభుత్వంలో భాగమైన కార్యాలయాల సంగతి. అసలు చిక్కు సంస్థల దగ్గర మొదలవుతుంది. బోర్డు, కార్పొరేషన్, సొసైటీ, ట్రస్టు, మిషన్, అథారిటీ, కమిషన్ ఇలా ఎన్నో పేర్లు. పేరును బట్టి స్వభావం తెలియదు. కార్పొరేషన్ అన్న మాట చట్టంతో పుట్టిన సంస్థకూ ఉంటుంది, కంపెనీగా నమోదైన సంస్థకూ ఉంటుంది, నగరపాలక సంస్థకూ ఉంటుంది. కాబట్టి ఏ సంస్థ ఎదురైనా నేను ముందు అడిగే ప్రశ్న ఒకటే: ఇది ఏ కాగితంతో పుట్టింది?

రాజ్యాంగమే పుట్టించిన సంస్థలు కొన్ని: పబ్లిక్ సర్వీస్ కమిషన్, రాష్ట్ర ఎన్నికల సంఘం, రాష్ట్ర ఆర్థిక సంఘం. వీటికి శాఖ ద్వారా నిధులు, సిబ్బంది అందినా, ఇవి మంత్రి ఆదేశాల కింద పనిచేయవు. చట్టంతో పుట్టినవి మరికొన్ని: 1974 నాటి జల కాలుష్య నివారణ చట్టం కింద వచ్చిన కాలుష్య నియంత్రణ మండలి, 1989 చట్టంతో వచ్చిన హైదరాబాద్ జలమండలి వంటివి. వీటి అధికారాలేమిటో ఆ చట్టంలోనే దొరుకుతాయి. కంపెనీల చట్టం కింద నమోదైనవి మూడో రకం. 51 శాతానికి తగ్గకుండా వాటా ప్రభుత్వానిదైతే అది ప్రభుత్వ కంపెనీ. దానికి డైరెక్టర్ల బోర్డు, మేనేజింగ్ డైరెక్టరు, సొంత ఆస్తి, సొంత అప్పు ఉంటాయి. సొసైటీగా నమోదైనవి నాలుగో రకం. గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ సెర్ప్, సాంఘిక సంక్షేమ గురుకులాల సొసైటీలు ఇందులోకి వస్తాయి. వీటి నియమావళి బైలాల్లో ఉంటుంది. ఇక కేవలం జీవోతో ఏర్పడి, జీవోతోనే రద్దయ్యే మిషన్లు, సెల్లులు, కమిటీలు ఉన్నాయి.

ఒక ఉదాహరణను దగ్గరగా చూద్దాం. మీ ఊరి రోగికి సకాలంలో వైద్యం అందలేదనుకోండి. సచివాలయంలో ఉన్నది ఒక్కటే శాఖ, వైద్య ఆరోగ్య కుటుంబ సంక్షేమ శాఖ. కాని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డాక్టరు లేకపోవడం ప్రజారోగ్య డైరెక్టరు వరుసలోని జిల్లా వైద్య ఆరోగ్యాధికారి చూడవలసిన విషయం. ఏరియా ఆసుపత్రిలో అదే జరిగితే వరుస మారుతుంది. ఆ ఆసుపత్రుల కోసం 1986లో చట్టంతో వైద్య విధాన పరిషత్తును ఏర్పరిచారు, ఆంధ్రప్రదేశ్‌లో దాని స్థానంలో తర్వాత సెకండరీ హెల్త్ డైరెక్టరేటు వచ్చింది. వైద్య కళాశాలకు అనుబంధమైన బోధనాసుపత్రి అయితే వైద్య విద్యా డైరెక్టరు పరిధి. మందుల కొనుగోలు, సరఫరా, భవన నిర్మాణం వైద్య మౌలిక సదుపాయాల సంస్థ పని. అది ఒక కార్పొరేషన్. ప్రైవేటు ఆసుపత్రిలో ఉచిత చికిత్సకు అనుమతి రాకపోతే జవాబు చెప్పవలసింది 2007లో ఆరోగ్యశ్రీ పథకంతో మొదలైన ట్రస్టు. 108 అంబులెన్సును నడిపేది ప్రభుత్వంతో ఒప్పందం చేసుకున్న నిర్వహణ సంస్థ. వైద్యుడి వృత్తి నడవడి మీద ఫిర్యాదు వైద్య మండలికి వెళుతుంది. ఒక్క రోగి ఒక్క రోజులో ఈ ఏడింటినీ దాటి ఉండవచ్చు. ‘ఆసుపత్రిలో నిర్లక్ష్యం’ అని ఒకే వాక్యంతో రాసిన అర్జీ ఎందుకు ఎక్కడా నిలవదో ఇప్పుడు అర్థమవుతుంది. రోజు జరిగినదాన్ని గంటల వారీగా రాసి, ఒక్కొక్క సంఘటన పక్కన దాని బాధ్యులెవరో రాస్తే, ఒక అర్జీ మూడు అర్జీలవుతుంది, మూడింటికీ చిరునామా దొరుకుతుంది.

విద్యుత్తు ఇంకో మంచి ఉదాహరణ. 1998 నాటి విద్యుత్ సంస్కరణల చట్టం తర్వాత, 1999లో విద్యుత్ బోర్డు ఉత్పత్తి చూసే జెన్‌కో, ప్రసారం చూసే ట్రాన్స్‌కోలుగా విడిపోయింది. ఆ తర్వాత ట్రాన్స్‌కో నుంచి పంపిణీ కంపెనీలు వేరయ్యాయి. ఛార్జీలు నిర్ణయించేది మంత్రి కాదు, విద్యుత్ నియంత్రణ మండలి. ప్రభుత్వం రాయితీ ఇవ్వదలచుకుంటే 2003 విద్యుత్ చట్టం 65వ సెక్షన్ ప్రకారం ఆ సొమ్మును ముందుగానే కంపెనీకి చెల్లించాలి. అందువల్ల బిల్లు తప్పుగా వస్తే పంపిణీ కంపెనీ సెక్షన్ కార్యాలయానికి, అక్కడ తీరకపోతే వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదికకు, ఆ పైన విద్యుత్ అంబుడ్స్‌మన్‌కు వెళ్లాలి; రేటే అన్యాయమనిపిస్తే మండలి జరిపే బహిరంగ విచారణలో రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పాలి. ఈ రెండు దారులూ ఒకదాని స్థానంలో ఒకటి పనిచేయవు.

ఆర్టీసీ సంగతి మరింత సున్నితం. 1950 నాటి రోడ్డు రవాణా సంస్థల చట్టం కింద ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీ 1958 జనవరి 11న ఏర్పడింది. 2020 జనవరి 1 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో దాని ఉద్యోగులు ప్రజా రవాణా శాఖ ఉద్యోగులయ్యారు. బస్సులు, డిపోలు, స్థలాలు మాత్రం కార్పొరేషన్‌వే. కనుక ఉద్యోగి సర్వీసు విషయానికి ఒక దారి, బస్టాండు దుకాణం లీజుకు మరో దారి. ఇలాంటి జంట స్వరూపం ఉన్నచోట కాగితం మీద రెండు గళ్లు గీసి మధ్యలో గీత కలపండి.

సంస్థల్లో పనిచేసేవారికి ఈ తేడా జీతం దగ్గర బాగా తెలుస్తుంది. ‘010 పద్దు’ అన్న మాట మీరు విని ఉంటారు. బడ్జెట్ వర్గీకరణలో 010 అంటే జీతాల పద్దు. ఆ పద్దు కింద ఉన్న ఉద్యోగికి ట్రెజరీ ద్వారా నేరుగా జీతం వస్తుంది. సంస్థ ఉద్యోగికి వచ్చేది ప్రభుత్వం సంస్థకు ఇచ్చే గ్రాంటులో నుంచి, లేదా సంస్థ సొంత రాబడిలో నుంచి. గ్రాంటు ఆలస్యమైతే జీతం ఆలస్యమవుతుంది. ఎన్నో సంస్థల ఉద్యోగులు ఏళ్ల తరబడి 010 పద్దు కోసం ఉద్యమాలు చేశారు. వారి న్యాయమైన ఆవేదన అర్థం కావాలంటే సంస్థకూ శాఖకూ మధ్య ఉన్న ఈ సన్నని గీత అర్థం కావాలి.

జీవోను పై నుంచి కింది దాకా చదవడం

శాఖ, హెచ్‌ఓడీ, సంస్థ ఈ మూడింటి సంబంధాన్ని ఒకే పేజీలో చూపించే పత్రం జీవో. చాలావరకు ఇంగ్లీషులో ఉండడం వల్ల మనం దాన్ని పక్కన పెట్టేస్తాము. పై భాగంలో ఉత్తర్వు సారాంశం రెండు మూడు వరుసల్లో ఉంటుంది. దాని కింద శాఖ పేరు, బ్రాకెట్లలో సెక్షన్ పేరు. ఆ తర్వాత సంఖ్య: ఎంఎస్ జీవో అయితే విధానం, నియమం, శాశ్వత ప్రాముఖ్యం ఉన్న విషయం, ఆర్‌టీ జీవో అయితే బదిలీ, నిధుల విడుదల వంటి రోజువారీ విషయం. రెండింటికీ వరుస సంఖ్యలు వేరు కనుక, ఎవరైనా ‘జీవో నంబరు 45’ అని మాత్రమే చెబితే అది చాలదు. రకం, శాఖ, తేదీ కూడా కావాలి.

సంఖ్య కింద ‘చదవవలసినవి’ అన్న జాబితా ఉంటుంది. నా దృష్టిలో జీవో మొత్తంలో విలువైన భాగం అదే. ఈ ఉత్తర్వుకు ఆధారమైన పాత జీవోలు, హెచ్‌ఓడీ రాసిన లేఖ, ఆర్‌సీ నంబరు అనే దాని ఫైలు సంఖ్య, తేదీ అక్కడ కనిపిస్తాయి. ప్రతిపాదన ఎవరు పంపారో, ఎప్పుడు పంపారో, ప్రభుత్వం నిర్ణయానికి ఎన్ని నెలలు పట్టిందో ఆ జాబితాతోనే లెక్కపెట్టవచ్చు. ఖర్చుతో కూడిన ఉత్తర్వు చివరి పేరాలో ఆర్థిక శాఖ సమ్మతితో ఇది వెలువడుతోందన్న వాక్యం, శాఖల మధ్య రాసుకునే యూఓ నోట్ నంబరుతో సహా ఉంటుంది. ఆ వాక్యం లేని ఆర్థిక హామీని నమ్మకండి. ఆ తర్వాత ‘గవర్నరు ఉత్తర్వు మేరకు, వారి పేరిట’ అన్న వరుస, దాని కింద కార్యదర్శి పేరు. రాజ్యాంగం 166వ అధికరణ ప్రకారం రాష్ట్ర ప్రభుత్వ కార్యనిర్వాహక చర్యలన్నీ గవర్నరు పేరిటే వ్యక్తం కావాలి కనుక అలా ఉంటుంది; ఆ నిర్ణయం గవర్నరు స్వయంగా చేసినదని దానికి అర్థం కాదు. చిట్టచివర ఉత్తర్వు ఎవరికి పంపారో, నకళ్లు ఎవరికి వెళ్లాయో ఉంటుంది. అమలు చేయవలసిన అధికారి పేరు మొదటి జాబితాలోనే ఉంటుంది. దాన్ని మీ రెండో గడిలోకి ఎక్కించండి.

డబ్బు గడిని నింపడం

బడ్జెట్‌లో ప్రతి ఖర్చుకూ నాలుగంకెల ప్రధాన పద్దు ఉంటుంది. 2202 సాధారణ విద్య, 2210 వైద్యం, ప్రజారోగ్యం, 2055 పోలీసు. మొదటి అంకె 2 లేదా 3 అయితే జీతాలు, నిర్వహణ వంటి రెవెన్యూ వ్యయం. 4 లేదా 5 అయితే భవనాలు, పరికరాల వంటి పెట్టుబడి వ్యయం. 6 లేదా 7 అయితే అప్పు. అందుకే 2210కి జోడీగా 4210 కనిపిస్తుంది. కొత్త ఆసుపత్రి భవనానికి నిధులు వచ్చాయని ఎవరైనా చెబితే, 4210 కింద ఆ భవనం పేరు ఉందో లేదో చూడండి. సంస్థ అయితే గ్రాంటు రూపంలో ఎంత, వాటా రూపంలో ఎంత, అప్పు రూపంలో ఎంత ఇచ్చారో వేరువేరు పద్దుల్లో ఉంటుంది. జిల్లా స్థాయిలో ఆ సొమ్ముకు బిల్లు పెట్టే అధికారిని డ్రాయింగ్ అండ్ డిస్బర్సింగ్ ఆఫీసరు, వాడుకలో డీడీవో అంటారు. మీ పనికి డీడీవో ఎవరో తెలిస్తే మూడో గడి పూర్తయినట్టే.

ఖాళీలను సమాచార హక్కుతో నింపడం

ఇంత చేసినా కాగితం మీద కొన్ని ఖాళీలు మిగులుతాయి. వాటికి 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉంది. నాలుగో సెక్షన్ ప్రకారం ప్రతి ప్రభుత్వ అధికార సంస్థ తన నిర్మాణం, విధులు, అధికారుల అధికారాలు, బడ్జెట్ వంటి పదిహేడు అంశాలను ఎవరూ అడగకుండానే ప్రకటించాలి. ముందు అవి చూడండి. ప్రభుత్వ యాజమాన్యంలో గాని, నియంత్రణలో గాని ఉన్న సంస్థలు, ప్రభుత్వ నిధులు గణనీయంగా పొందే సంస్థలు కూడా ఈ చట్టం పరిధిలోకి వస్తాయి కనుక, ‘మాది కంపెనీ’, ‘మాది సొసైటీ’ అన్న జవాబు దానంతట అది చాలదు. దరఖాస్తు తప్పు కార్యాలయానికి వెళ్లినా, ఆరో సెక్షన్ మూడో ఉపసెక్షన్ ప్రకారం ఐదు రోజుల్లోపు సరైన కార్యాలయానికి బదిలీ చేసి మీకు తెలియజేయాలి. మామూలు అర్జీకి లేని బలం ఇది. ఏ శాఖదో తేలని పనికి నేను తరచుగా ముందు సమాచార దరఖాస్తే పెడతాను, బదిలీ లేఖే నాకు చిరునామా చెబుతుంది. జవాబుకు గడువు 30 రోజులు. రాకపోయినా, తృప్తిగా లేకపోయినా 30 రోజుల్లోపు మొదటి అప్పీలు, ఆపైన 90 రోజుల్లోపు సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు చేసుకోవచ్చు.

దరఖాస్తులో ఎందుకు, ఏమిటి అన్న వాదనలు రాయకండి; రికార్డు అడగండి. మా రోడ్డు విషయంలో చివరికి రాసినవి ఐదు వాక్యాలే. ఈ రోడ్డు ఏ శాఖ రోడ్ల రిజిస్టరులో, ఏ సంఖ్యతో నమోదై ఉందో ఆ పేజీ నకలు ఇవ్వగలరు. దీని నిర్వహణకు బాధ్యులైన అధికారి హోదా తెలుపగలరు. గత మూడు ఆర్థిక సంవత్సరాల్లో దీనిపై చేసిన ఖర్చు, పద్దు సంఖ్యతో తెలుపగలరు. మరమ్మతు అంచనా ఏదైనా తయారై ఉంటే దాని నకలు, అది ప్రస్తుతం ఏ స్థాయిలో ఉందో తెలుపగలరు. ఈ సమాచారం మీ వద్ద లేకపోతే దరఖాస్తును సంబంధిత కార్యాలయానికి బదిలీ చేసి, ఆ లేఖ నకలు నాకు పంపగలరు. వచ్చిన జవాబులో రిజిస్టరు పేజీ నకలు ఉంది. ఆ రోడ్డు సంఖ్య వేసి ఇచ్చిన రెండో అర్జీని తీసుకున్న ఇంజినీరు దాన్ని మా ముందే తన రిజిస్టరుతో సరిచూసుకుని, కొలతలకు ఎప్పుడు వస్తారో తేదీ చెప్పారు.